రెండు చెంచాల చప్పుడు

నిన్న పక్కింట్లో మంచాన పడ్డ మాణిక్‌రావు తండ్రిని చూడటానికి వెళ్లాను. మాణిక్‌రావు భార్య రెండు చెంచాల మధ్య మాత్ర నలుపుతోంది. ఆ కరకర వినగానే మా ముందుగది, అందులో అమ్మ మంచం, పక్కనే నేల మీద కూర్చున్న సుశీల సిస్టర్ గుర్తొచ్చారు.

అమ్మకు రొమ్ము క్యాన్సర్. పుండు పడి వాసన వచ్చేది. చూడవచ్చిన చిన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప బయటే చాయ్ తాగి వెళ్లింది. అది నేను మరిచిపోలేదు. పట్నంలో డాక్టరు నా ముఖం చూడకుండానే "ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. అదీ మరిచిపోలేదు. ఇంటికి తెచ్చి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఇలాంటి రోగుల ఇళ్లకు వచ్చి నొప్పి తగ్గించే సర్కారు బండి ఒకటుందని చివరికి మా వాడ ఆశా కార్యకర్త చెప్పింది. ఆ బండిలో వచ్చిన నర్సే సుశీల సిస్టర్. ఆమె ముక్కు మూసుకోలేదు. రెండు చెంచాల మధ్య మాత్ర నలిపి ఆ పొడిని పుండు మీద చల్లింది. నాలుగు రోజులకు వాసన తగ్గింది. నొప్పికి మార్ఫిన్ గోలీలిచ్చింది. అది మత్తుమందని నేను బీరువాలో దాచి, ఆమె మీద పై అధికారికి ఫిర్యాదు రాశాను.

"నా మీద కాయితం రాసినవట గదా అన్నా. రాస్కో. అవ్వకు గోలీలెందుకియ్యలె?" అన్నది మరుసటి వారం వచ్చి.

"అలవాటైతదని."

"అయితే ఏమైతది? అవ్వ రేపు బస్సు తోల్తదా?"

అమ్మ నవ్వింది. ఎన్ని రోజులకో! నాకు మాత్రం ఒళ్లు మండింది. అయినా గోలీ ఇచ్చాను. మధ్యాహ్నానికి అమ్మ మూలగడం ఆపి నిద్రపోయింది.

అమ్మను మళ్లీ పట్నం తీసుకెళ్లాలని నేను జీపు మాట్లాడి ఉంచాను. సిస్టర్ నా ముందే అమ్మను అడిగింది: "అవ్వా, నీకేం కావాలె?" మా ఇంట్లో అమ్మ ముందు రోగం పేరే ఎత్తేవాళ్లం కాదు, ఇక ఆమెను అడగడమా!

"బోరంచ పోచమ్మకు మొక్కున్నది. పట్నం వద్దు బిడ్డా. గీ మాట వీనికి జర చెప్పు," అన్నది అమ్మ.

నేను ఎదురుగా ఉండగా పరాయి మనిషితో చెప్పింది. అదీ మరిచిపోలేదు. జీపు బోరంచకే పోయింది. అక్కడి నుంచి వచ్చిన పదకొండో రోజున అమ్మ పోయింది.

దినాలయ్యాక, రోగి లేని ఇంటికి కూడా సిస్టర్ వచ్చింది. అప్పటికే, అమ్మను పట్నం తీసుకెళ్లనందుకు చుట్టాలు తలా ఒక తీర్పు చెప్పి ఉన్నారు.

"పట్నం తీస్కపోతే బతుకునా?" అని అడిగాను.

"తెల్వదు అన్నా. నొప్పి లేకుంట పోయింది. గదొక్కటే తెల్సు."

ఆ ఫిర్యాదును నేను వెనక్కి తీసుకోలేదు. ఎందుకో ఇప్పటికీ నాకే అర్థం కాదు.

నిన్న వస్తుంటే మాణిక్‌రావు వాకిట్లో నా చెయ్యి పట్టుకున్నాడు. "నాయినను పట్నం తీస్కపోవాల్నా, వద్దా? నువ్వన్న చెప్పు."

"తెల్వదు. మీ నాయినను అడిగినవా?"

అతని ముఖం మాడిపోయింది. ఈ మాటను ఎన్నేళ్లు మనసులో పెట్టుకుంటాడో.