పాలు మరవని దూడ మీద సవారి

సిద్దిపేట మొత్తంలో సవారి దూడను సగం ధరకు కిరాయికి తెచ్చిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉన్నారంటే చెప్పండి, ఒప్పుకుంటాను. ఆ బేరంలో పెద్దవాళ్ల చెయ్యి లేదు, బుద్ధి అంతా నాదే.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో సంగతి. నాకు తొమ్మిదేళ్లు. మాది కిరాణా దుకాణం, ఎదురుగా బట్టల దుకాణం. పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, గజ్జెలు కట్టి, డప్పులతో బజారంతా తిప్పేవారు. ఊరేగింపు కదలకముందు గంజ్ మైదానంలో పిల్లలకు దూడల సవారి. జీను లేదు, కళ్లెం లేదు, మెడతాడొక్కటే. పడిపోకుండా అందరికంటే ముందు అవతలి గీత దాటినవాడికి పటేలు ఎర్ర రుమాలు చుట్టి, ఊరేగింపుకు ముందు నడిపించేవాడు.

ఆ రుమాలు వరుసగా రెండేళ్లు బట్టల దుకాణం పిల్లవాడి నెత్తికే ఎక్కింది. ఇంట్లో తానులకు తానులు ఎర్రబట్ట ఉండగా వాడికి ఈ గుడ్డముక్క ఎందుకని నా ఏడుపు. పండగ అయిపోయాక కూడా దాన్ని చుట్టుకునే మా దుకాణానికి బెల్లం కోసం వచ్చేవాడు. తూకం ముల్లు వాడివైపు వెంట్రుకవాసి వంగకుండా చూసుకునేవాణ్ణి. పండగ నాడు గిరాకీ ఎక్కువ, నన్ను మైదానానికి పోనిచ్చేవారు కాదు. సవారి ఎట్లా జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. నేను చూసిందల్లా రుమాలే.

మూడో ఏడు ఏడ్చి మొత్తుకుని బాపును ఒప్పించాను. మాకు కందులు తెచ్చే నంగునూరు రైతు దగ్గర మచ్చల కోడెదూడ ఉండేది. ఇంకా పాలు మరవలేదు గాని మంచి బలమైనది.

"ఎనిమిదణాలియ్యి, చిన్న సేటూ."

"నాలుగు."

గీచి గీచి నాలుగుకే తెగింది. అప్పుడాయన, "ఇంకో రెండణాలిస్తె తల్లావును గూడ తోల్కొస్త," అన్నాడు.

"ఆవు నాకెందుకు తాతా? నేనెక్కేది దూడనే గద?"

"అరే, తల్లి ఉంటెనే దూడ..."

"గీ ముచ్చట్లు మా దుకాణంల రోజు ఇంటం. పప్పు కొననీకె వచ్చినోనికి చింతపండు గూడ అంటగడ్తం. నాకే అంటగడ్తవా?"

ముసలాయన మీసాల్లో నవ్వుకున్నాడు. "నీ ఇష్టం బిడ్డా. సేటు కొడుకువు, నీకు జెప్పేటంతటోన్నా నేను?"

ఆయన ఓడిపోయాడనుకున్నాను.

పండగ నాడు దూడ మీద కూర్చుని అవతలి గీత వైపు చూశాను. అక్కడ వరుసగా ఆవులు కట్టేసి ఉన్నాయి. ఒక్కో దూడకు తన తల్లి. పొద్దుటి నుంచి పాలు తాగనివ్వని దూడను వదిలితే అది నేరుగా తల్లి దగ్గరికే ఉరుకుతుంది. పశువులున్న ఇళ్లలో పాకే పిల్లలకూ తెలిసిన సంగతి, త్రాసుల మధ్య పెరిగిన నాకు అప్పుడు తెలిసింది.

బట్టల దుకాణం వాడి ఇంట్లో పాడి ఉంది. పక్క దూడ మీద నుంచి అడిగాడు: "నీ ఆవేదిరా?"

"మా దూడ ఆవు లేకున్నా ఉర్కుతది."

"ఎటు ఉర్కుతదిరా?"

డప్పు మోగింది. దూడలన్నీ గీత వైపు పోయాయి. నాది గిర్రున వెనక్కి తిరిగి, డప్పుల వాళ్లను చెదరగొట్టి, బజారున పడి నంగునూరు బాట పట్టింది.

"సేటు కొడుకు వసూలుకు పోతుండు రో!" అని ఎవరో అరిచారు.

మా దుకాణం ముందు బాపు త్రాసు పట్టుకుని నిలబడ్డాడు. "పండుగ గాడైతుంటె నువ్వెటు పోతున్నవ్ రా?"

"దూడనడుగు, బాపూ!"

ఊరి చివర తుమ్మకంపలో నన్ను విసిరేసి దూడ ఆగకుండా పోయింది. కుంటుకుంటూ వచ్చేసరికి ఊరేగింపు ఎదురైంది. ముందు వాడే, నెత్తిన రుమాలు. నన్ను చూసి ఆగాడు.

"నీ దూడ మస్తు ఉర్కింది రా. మాదానికంటె జోరు," అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే అన్నాడు. వెక్కిరించి ఉంటే అంత మండేది కాదు.

ఇక లెక్క, దాచకుండా. దూడ కిరాయి నాలుగణాలు. చినిగిన లాగు కుట్టినందుకు రెండు. దూడ ఇల్లు చేరిందో లేదో చూసిరావడానికి నంగునూరు పోయిన మనిషికి ఐదు. మొత్తం పదకొండణాలు. ఆవుతో కలిపి రైతు మొదట అడిగిన ధర ప్రకారమైతే పది. రుమాలు మూడో ఏడూ ఎదురు దుకాణానికే.