సీమోను మాస్టారి తువ్వాలు

అమలాపురంలో ఏ సాహిత్య సభ జరిగినా ముందు వరసలో ఒక కుర్చీ చచ్చిపోయిన వాళ్ళకోసం ఆపి ఉంచే మనిషి ఒకాయన ఉన్నారు. పేరు సీమోను మాస్టారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం మన కోనసీమలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన విద్య. దాన్ని కవి సమ్మేళనాల్లోకి తెచ్చిన ఘనత మాత్రం ఆయనదే. నీలం చారల తువ్వాలు కుర్చీలో పరిచి, "ఇక్కడ మనిషున్నారండీ" అంటారు. ఎవరని అడిగితే, పదేళ్ళ కిందట మనమంతా వెళ్ళి దండ వేసి వచ్చిన వారి పేరు చెబుతారు.

ఇది ఎవరో చెబితే విన్న సంగతి కాదు. పి.గన్నవరం దగ్గర పల్లెటూరి బళ్ళో ఎనిమిదితో చదువు ఆపినా, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తూనే మూడు శతకాలు రాసినవాణ్ణి నేను. మా సాహితీ సమితికి అధ్యక్షుణ్ణి. నాకు కప్పిన శాలువాలతో మా బీరువా తలుపు పడడం మానేసింది. అంచేత సభల్లో జరిగేవన్నీ నేను వేదిక మీద నుంచి, ఎదురుగా చూసినవే.

ఎదురుగా చూస్తేనే ఒళ్ళు జలదరించేది. మాస్టారు ఆ ఖాళీ కుర్చీ వైపు వంగి ఏదో అంటారు. కాసేపు వింటారు. నవ్వుతారు. మళ్ళీ తల అడ్డంగా ఊపుతారు, అవతలి వాళ్ళు అన్నది ఒప్పుకోనట్టు. హాలు మొత్తం మీద ఆ ఒక్క కుర్చీయే అప్పుడప్పుడు కిర్రుమనేది.

"ఏవండీ సీమోను గారూ, ఈ వ్యవహారం మీ పాస్టరు గారికి తెలుసా?" అని ఒకసారి అడిగాను.

"తెలుసండి. ఆదివారం నా పక్కన కూచోడానికి భయపడతన్నారండి."

ఒక ఉగాదికి కాకినాడ నుంచి వచ్చిన వక్త ఒకాయన ఇవన్నీ మూఢనమ్మకాలని, తువ్వాలు తీసి పక్కన పడేసి అందులో కూచున్నారు. కొంతసేపటికి ఆయనే లేచి, చెవి రుద్దుకుంటూ ఆఖరి వరసకి వెళ్ళిపోయారు.

"ఏమైందండీ?" అన్నాను తరవాత.

"ఏం లేదండి. ఎవరో చెవిలో 'కాస్త జరుగు బాబూ' అన్నట్టయింది" అన్నారాయన. టీ కూడా తాగకుండా బస్సెక్కేశారు.

అంతకన్నా ఘోరం, పోయినవాళ్ళు సభ మధ్యలో లేచి వెళ్ళిపోవడం. వక్త అదే మాట తిప్పి తిప్పి చెబుతున్నాడనుకోండి, సీమోను మాస్టారు తువ్వాలు మడిచి, ఎవరికో చేయి ఆసరా ఇచ్చినట్టు మోచెయ్యి వంచి, మెల్లగా గుమ్మం దాకా నడిచేవారు. "మెట్లు చూసుకోండి, నాచు పట్టి ఉన్నాయి" అని చెప్పి, వీడ్కోలిచ్చి వచ్చేవారు. చూస్తున్న వాళ్ళందరి తలలూ ఆ లేని మనిషితో పాటే గుమ్మం వైపు తిరిగేవి. అటు తరవాత మైకు ముందు నిలబడగలిగిన మొనగాణ్ణి నేను చూడలేదు.

ఒక్క శిరీష విషయంలో మాత్రం వేరేలా జరిగింది. డిగ్రీ చదివే పిల్ల, మొదటి కవిత. కాగితం వణుకుతోంది, గొంతు పెగలడం లేదు. సీమోను మాస్టారు లేచి, "మీ అమ్మమ్మ గారు వచ్చేరమ్మా. చెవి దగ్గర చెయ్యెట్టుకుని వింటన్నారు. కాస్త గట్టిగా చదువు తల్లీ" అన్నారు. ఆ పిల్ల కుర్చీ వైపు ఒకసారి చూసింది. తరవాత చదివిన చదువుకి మైకు అక్కరలేకపోయింది.

నేనది చూసి నవ్వుకున్నాను. నా వంతు వస్తుందనుకోలేదు.

మొన్న కార్తికంలో నా పుస్తకావిష్కరణ పెట్టుకున్నాం. నా నాలుగో పుస్తకం. శతకాలైతే పండుగకో దేవుడికో రాసినవి. ఇది నా బతుకు. గోదారి లంకలో పుట్టడం దగ్గర నుంచి మొత్తం పద్యాల్లో పెట్టాను. కళ్ళు మందగిస్తున్నాయి. ఇంకోటి రాస్తానన్న నమ్మకం లేదు. ఒక్కరైనా కదలకుండా కూచుని వింటే చాలనుకున్నాను.

ఆ రోజే వాయుగుండం. మధ్యాహ్నానికే ఆకాశం తారు పూసినట్టయింది. ముఖ్య అతిథి రావులపాలెంలో ఆగిపోయానని ఫోను. హాల్లో వేసిన కుర్చీలన్నీ వేసినట్టే ఉన్నాయి. వచ్చింది ఇద్దరు: కాలేజీలో తెలుగు లెక్చరరైన మా కార్యదర్శి ప్రసన్నకుమారి గారు, తువ్వాలుతో సీమోను మాస్టారు.

"వాయిదా వేద్దామాండీ, సత్తియ్య గారూ?" అన్నారు ప్రసన్నకుమారి గారు జాలిగా. ఆ జాలి నేను భరించలేకపోయాను. పుస్తకాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాను.

"ఆగండాగండి" అన్నారు సీమోను మాస్టారు. తువ్వాలు పరిచారు. "పోతురాజు పంతులు గారు వచ్చేరండి. పాపం, తడిసిపోయేరు."

నా చేతిలో సంచి జారిపోయింది. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. నా మొదటి పద్యం చదివి, ముక్కుపొడుం ఎగపీల్చి, "ఇది పద్యం కాదురా సత్తిగా, కొబ్బరి పీచు" అన్నదీ ఆయనే. రెండోది చూపించేలోగా పోయారు. అన్ని శాలువాలూ కప్పించుకున్నాను గానీ ఆ పీచు ఇంకా గొంతులోనే ఉంది.

కుర్చీ కింద నీళ్ళు. చుక్క చుక్కగా. పైకప్పు కారుతోందేమోనని చూశాను. కారడం లేదు.

కరెంటు పోయింది. కిటికీ అవతల కొబ్బరి మట్టలు గోడని రాస్తున్న చప్పుడు. మొదటి పద్యం అందుకున్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరినీ చూడలేదు, తువ్వాలునే చూస్తున్నాను. సీమోను మాస్టారి చెయ్యి తువ్వాలు అంచు మీద ఉంది. ఇప్పుడు మడుస్తారు, ఇప్పుడు మోచెయ్యి వంచుతారు, పంతులు గారు లేచి వెళ్ళిపోతారు. పద్యం మీద పద్యం గడిచింది. మడవలేదు. ఉన్నట్టుండి ముక్కుపొడుం వాసన గుప్పున కొట్టింది.

పంతులు గారి బడి గురించి రాసిన పద్యం దగ్గరికి వచ్చాను. ఆఖరి పాదం చదివానో లేదో, చీకట్లోంచి ఒక తుమ్ము.

ఒంటి తుమ్ము! ఒంటి తుమ్ము వినబడితే ఊరికి బయల్దేరినవాడు కూడా వెనక్కొచ్చి కూచుంటాడు. పుస్తకం మూసేద్దామా అనుకున్నాను. కొబ్బరి మట్టలు కూడా గోడని రాయడం ఆపి వింటున్నట్టే ఉంది.

రెండో తుమ్ము వినబడింది.

"జంట తుమ్ము! శుభమండీ!" అని ప్రసన్నకుమారి గారు చిటిక వేశారు.

ఇంతలో కరెంటు వచ్చింది. తువ్వాలు మడతలో డబ్బీ ఒకటి మెరిసింది. ముక్కుపొడుం డబ్బీ. తువ్వాలు కొస ఇంకా తడిగానే ఉంది, నీళ్ళు కారుతున్నాయి. నాకు మొత్తం అర్థమైపోయింది.

"దొరికేరు మాస్టారూ!" అన్నాను. "మా పంతులు గారికి పొడుం అలవాటని మీకెలా తెలిసింది?"

"మీరే కదండీ, ప్రతి సభలోనూ చెబుతారు. పొడుం సంగతి, కొబ్బరి పీచు సంగతి."

ప్రసన్నకుమారి గారు కిటికీ వైపు తిరిగారు. నేను మాట్లాడడం మొదలుపెట్టగానే సగం హాలు టీకి వెళుతుందని నాకు తెలియంది కాదు. వెళ్ళని మనిషిని మాత్రం ఇన్నాళ్ళూ చూసుకోలేదు.

"అన్నిసార్లూ విన్నారా?"

"ఆయ్. ఎవరో ఒకరు వినాలి కదండీ" అన్నారు సీమోను మాస్టారు సిగ్గుపడుతూ. "మాట్లాడే మనిషికి ఎదురుగుండా ఖాళీ కుర్చీ కనబడితే ఊపిరి అందదండి. అందుకని ఎవరికి ఎవరు కావాలో వాళ్ళని కూచోబెడతానండి."

"మరి ఆ పోయినవాళ్ళని సభ మధ్యలో పంపించేసేవారే?"

"అది వినేవాళ్ళ కోసమండి. వాళ్ళూ మనుషులే కదండీ."

గట్టిగా నవ్వాను. నా గొంతులో పీచు లేదు. "ఏమైనా ఆ తుమ్ము మాత్రం అదును చూసి తుమ్మేరు, శభాష్!"

ఆయన ముఖంలో నవ్వు ఆగింది. "పొడుం నాదేనండి. తువ్వాలు తడిపింది కూడా నేనేనండి. తుమ్ము మాత్రం నాది కాదండి. అమ్మగారు తుమ్మేరనుకున్నాను."

"నేనా?" అన్నారు ప్రసన్నకుమారి గారు. "నేను మీరే అనుకున్నానండీ."

ముగ్గురం కుర్చీ వైపు చూశాం. అది కిర్రుమంది.

సీమోను మాస్టారు మడతపడిన తువ్వాలుని మళ్ళీ సరిచేసి, కుర్చీ వైపు వంగారు. విన్నారు. తల ఊపారు.

"మిగతావి కూడా చదవమంటన్నారండి" అన్నారు నాతో. "కాకపోతే, మధ్యమధ్యలో శాలువాల సంగతి వద్దంటన్నారు."