ఆవుకు ‘హీట్’ అన్నందుకు

ఎండ వేడికి ఆవు పొదుగులో పాలు తయారుచేసే జన్యువులు ఎలా మందగిస్తాయన్నది నా పరిశోధన. పొద్దున శామీర్‌పేట నుంచి పాడి రైతు యాదమ్మ ఫోన్ చేసి, తన ఆవు పాలు తగ్గించిందని చెప్పింది. నేను కిక్కిరిసిన బస్సులో ఉన్నాను. “హీట్‌లో ఉందిగా, అందుకే. మధ్యాహ్నం వస్తా” అన్నాను.

చెమటలు కక్కుకుంటూ వెళ్లేసరికి ఆవు వాకిట్లో గుంజకు కట్టేసి ఉంది, నోరు తెరిచి రొప్పుతోంది. పక్కన చూడి కట్టడానికి సూది వేసే ఆయన చేతికి గ్లౌజు తొడుక్కుంటున్నాడు.

“ఈయనెందుకు?”

“నువ్వే గద మేడం, హీట్‌కొచ్చిందంటివి! ఎద దాటిపోతదని జల్దీ పిలిపిచ్చిన.”

“ఎద కాదు యాదమ్మా, ఎండ! ఎండకు పొదుగులో జన్యువులు...”

“ఎండ అంటే ఎండ అని జెప్పొద్దా? గీయన కోసం పొద్దుగాలసంది దాన్ని ఎండలనే కట్టేసిన!”

ఇద్దరం ఆవును నీడకు లాగి, బకెట్లతో నీళ్లు పోశాం. అది రొప్పడం తగ్గేదాకా పోస్తూనే ఉన్నాం.

ఇప్పుడే ఇల్లు చేరాను. ‘హీట్’కు ‘ఎండ’ దొరికింది; ‘జన్యువు’కు కూడా పశువుల కొట్టంలో పనికొచ్చే మాట ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. నేను వివరించబోతే ఈసారి ఆవును ఎక్కడ కట్టేస్తారో!