పలకముక్కలు నా వీపు మీదికి ఎక్కిన రోజు

పసిపిల్లల ఎదుగుదల మీద, ముఖ్యంగా ఆటిజం మీద పరిశోధన చేస్తానని చెబితే మా మార్కాపురంలో చాలామంది నన్ను పిల్లల డాక్టరనుకుని దగ్గుమందు అడుగుతారు. పిల్లల ముందు కూర్చుని వాళ్లు ఎటు చూస్తున్నారో, దేనికి నవ్వుతున్నారో రాసుకోవడమే నా పని. దానికి జీతం కూడా ఇస్తారంటే ఎవరూ నమ్మరు.

కంభం దగ్గర ఒక పల్లెలో రెండున్నరేళ్ల పాప ఇంకా మాట్లాడటం లేదని అంగన్‌వాడీ టీచరు చెబితే ఒక పొద్దున వెళ్లాను. అమ్మానాన్నలు పనికి పోయారు. ఇంట్లో పాప, వాళ్ల అవ్వ ఉన్నారు. తండ్రి పలకల ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, అంచులు అరగదీసి ఇచ్చిన ముక్కల్ని పాప వాకిట్లో వరుసగా పేరుస్తోంది.

మొదటి పరీక్ష సులువైనది. వెనకనుంచి పేరు పెట్టి పిలవాలి, తిరిగి చూస్తుందో లేదో గమనించాలి. అంగన్‌వాడీ రిజిస్టరులో ఉన్న పేరుతో మూడుసార్లు పిలిచాను. పాప తిరగలేదు.

"అది పాస్టరయ్య పెట్టిన పేరమ్మా. ఆ పొద్దు తప్ప మళ్లా ఎవరం పిలవలా," అంది అవ్వ.

"మరి ఏమని పిలుస్తారవ్వా?"

"కోతీ అంటాం."

గొంతు సవరించుకుని, "కోతీ" అని గట్టిగా పిలిచాను.

నల్లమల నుంచి దిగిన కోతులు ఆ వారమంతా వీధిని పీక్కుతింటున్నాయని నాకు తెలియదు. పక్కింటాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఎదురింటామె ఎండబెట్టిన వడియాల మీద దుప్పటి కప్పింది. ఎవరో పళ్లెం మోగించారు. "యాడ? ఎటు పోయింది?" అని అందరూ నన్నే అడిగారు.

అంత గోలలోనూ పాప తలెత్తలేదు. వాళ్ల హడావిడికి నాకొస్తున్న నవ్వు ఆగిపోయింది. చెవులు వినపడవేమో అనుకున్నాను. అంతలో అవ్వ లోపల బిస్కెట్ పొట్లం చింపింది. ఆ చిన్న చప్పుడుకే పాప లేచి పరుగెత్తింది.

బిస్కెట్ తీసుకుని పాప మళ్లీ తన పనిలో పడింది. పిల్ల మన ఆటలోకి రాకపోతే మనమే పిల్ల ఆటలోకి పోవాలి. వెళ్లి ఆ వరుస చివర బోర్లా పడుకున్నాను. పాప ముక్కలు పేర్చుకుంటూ నా మోచేతి దాకా వచ్చింది. ఆగలేదు. మోచేయి మీద ఒకటి, భుజం మీద ఒకటి, వీపు మీద మూడు పెట్టింది. అవి పడిపోతాయని నేను ఊపిరి బిగబట్టాను.

అప్పుడే పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశాడు. "మేడమ్‌కు ఫిట్స్ వచ్చినాయి" అని కేకేస్తూ వచ్చి, తాళాల గుత్తి నా పిడికిట్లో కుక్కాడు.

"ఫిట్స్ కాదన్నా, పరీక్ష," అన్నాను కదలకుండా.

"ఎవరికి?" అన్నాడాయన.

పాప ఆ గుత్తిని నా చేతిలోంచి లాగి నా మెడ మీద పెట్టింది. తర్వాత వంగి నా ముఖంలోకి చూసింది. రెండు క్షణాలు ఉంటుందేమో.

"నా మొగం అట్ల చూసి శానా దినాలైందమ్మా," అంది అవ్వ గుమ్మంలో కూలబడి.

తర్వాత పెద్దాసుపత్రిలో వినికిడి బాగుందని తేల్చారు. ఆటిజం అని చెప్పారు.

"మందేంది?" అని అడిగింది అవ్వ.

"దీనికి మందు లేదవ్వా. రోజూ పాపతోపాటు నేలమీద ఆడాలి."

"నాకు మోకాళ్ల నొప్పులు గదమ్మా," అని గొణిగింది. అయినా రోజూ ఆడింది. ఎలా ఆడాలో చూపించడానికి నేను నెలకు రెండుసార్లు వెళ్లేదాన్ని.

నచ్చినదాన్ని పక్కవాళ్లకు వేలితో చూపించడం పసిపిల్లల ఎదుగుదలలో పెద్ద మెట్టు. పాప ఆ మెట్టు ఎక్కిన సంగతి కొన్ని నెలల తర్వాత అవ్వ ఫోన్ చేస్తే తెలిసింది.

"రోడ్డు పక్కన నిలబడుంటే గిద్దలూరు బస్సును వేలు పెట్టి చూపిచ్చిందమ్మా. చూపిచ్చి నా మొగం చూసింది. మేం ఎక్కుతామనుకొని డ్రైవరు ఆపినాడు. ఎక్కం నాయనా, మా పాప నాకు నీ బస్సు చూపిచ్చిందంతే అని చెప్పినా."

"ఏమన్నాడు?"

"తిట్టినాడు. తిట్టనీలే. వాడు పోయినాక ఇంకో బస్సును గూడా ఆపింది."