గడప బయట ఆగినవాళ్లు

మొన్న మా మునిమనవరాలు బడిలో ఇచ్చిన వంశవృక్షం కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా పేరు దాకా వాళ్ల నాన్నే నింపాడు. పైన మా నాయన పేరు, ఆయన్ని కన్న జేజినాయన పేరు, ఆ పైన ఇద్దరి పేర్లు రాశాక నా కలం ఆగిపోయింది, ఇంకా నాలుగు గళ్లు ఖాళీ. గవర్నరు జనరళ్ల పేర్లయితే ఈ వయసులో కూడా వరసగా అప్పజెప్పగలను, మా ఈడువాళ్లు ఎవరైనా అంతే.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండో ఏడు నంద్యాలలో ట్రైనింగు ముగించుకుని, మా ఊరు ఆళ్లగడ్డ బడిలోనే చరిత్ర చెప్పే పంతులుగా చేరాను. దొరలు వెళ్లిపోయినా వాళ్ల పుస్తకం మా చేతుల్లోనే ఉండిపోయింది. అందులో మన దేశం తెల్లవాళ్ల ఓడలు వచ్చేదాకా నిద్రపోతూ ఉంటుంది, రైలు పట్టాలు పడ్డాకగానీ కళ్లు తెరవదు. తేదీ లేనిది చరిత్రే కాదని చదివాను, నమ్మాను, పిల్లలచేత వల్లె వేయించాను.

ఆ ఎండాకాలం మా వంశం పేర్లు చెప్పే పిచ్చిగుంట్లాయన వచ్చాడు. ఆయన వస్తే మా నాయన్ని కన్న జేజి గడపకు ఇవతల కొత్త చాప పరిచేది. పేరు పలకగానే ఆ చనిపోయిన పెద్ద గడప దాటి వచ్చి చాపమీద కూర్చుంటాడని, అందరూ వచ్చేదాకా ఎవరూ నోరు మెదపకూడదని మా ఇంటి నమ్మకం. మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలడం లేదు. ఆయన జేజినాయనతో మొదలుపెట్టి పైకి పోతుంటే, ఒక్కో పేరుకూ చాప ఒక్కోచోట కిర్రుమనడం నా చెవులారా విన్నాను. భయమేసింది. దాన్ని దాచుకోవడానికే, పంతులు గొంతు తెచ్చిపెట్టుకుని, ఇదంతా ఏ సంవత్సరంలోనో చెప్పమన్నాను.

ఆయన గడపవైపు చూశాడు. "మాట తెంపితివి కదప్పా, మిగిలినోళ్లు ఆడనే నిలబడిపోయిరి" అని, జేజి పోసిన జొన్నలైనా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

జేజి ఆ చాప చుట్టలేదు. నేను వాకిట్లో నిలబడితే, "దావకడ్డం నిలబడొద్దురా, ఆడ మనోళ్లుండారు" అనేది. అత్తింటి పెద్దల పేర్లు కోడలు పలకకూడదు గనుక ఆమె పిలవలేదు, పిలవడానికి మా నాయన అప్పటికే లేడు, నాకా పేర్లు తెలియవు. చివరికి మంచం పట్టి, వాళ్లను లోపలికి పిలిపించమని ఒక్కటే అడిగింది. బస్సెక్కి పిచ్చిగుంట్లాయన ఊరు బనగానపల్లెకు పరుగెత్తాను. ఆయన పోయి ఆరు నెలలైందట. కొడుకు తాపీపని చేస్తున్నాడు. "ఎవరడుగుతాండారని నేర్చుకునేది సార్" అన్నాడు. ఆ మాట జేజికి చెప్పే ధైర్యం లేకపోయింది. ముఖం గడపవైపు పెట్టుకునే ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు నంద్యాలలో మేముంటున్న ఇంటికి గడపే లేదు, నున్నటి టైల్సు. అయినా తలుపు తీసి ఉంటే నేను పక్కకు ఒదిగే నడుస్తాను. ఆ గళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయని పాప అడిగింది. బయట ఉన్నారు తల్లీ, నేనే లోపలికి రానివ్వలేదు అన్నాను.