అవ్వ అరగదీసిన వసకొమ్ము

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం చప్పుడు మొదలవ్వకముందే మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, సానరాయి ముందేసుకుని కూర్చునేది. వసకొమ్ము అరగదీసి, ఆ గంధాన్ని తేనెలో కలిపి మా తమ్ముడు రమణ నాలుక మీద రాసేది. నాలుగేళ్ళు నిండినా వాడికి అమ్మ, అక్క, నీళ్ళు... ఈ మూడు మాటలే.

వస తెలుసు కదా... పుట్టిన పిల్లలకు మాటలు బాగా రావాలని పోస్తారు. నోరు మండేంత ఘాటు. వాడు తన్నుకుంటూ ఏడుస్తుంటే చేతులు కదలకుండా పట్టుకోవడం నా పని. నాకప్పుడు ఏడేళ్ళు. వాడి కళ్ళల్లోకి చూడలేక గోడ వైపు తిరిగేదాన్ని.

"నీకు నేనే పోసినా, అందుకే ఇట్లా వాగుతాండావు. వానికి పోయనిచ్చిందా మీయమ్మ?" అనేది అవ్వ.

అదీ సంగతి. తమ్ముడు పురిటిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ వస పోయనివ్వలేదు. ఆ నేరం అమ్మ నెత్తిన అలాగే ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో, నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెల వరుసలో... ఎవరో ఒకరు అడగడం, అమ్మ తలొంచుకోవడం. నాయన మాత్రం మగ్గం గుంతలో కూర్చుని పోగుల మధ్య నాడెను అటూ ఇటూ ఆడిస్తూనే ఉండేవాడు. అవుననీ అనడు, కాదనీ అనడు.

మాట రానివాణ్ణి బడిలో చేర్చుకోరని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే దడ. వాడి బదులు నేనే మాట్లాడేదాన్ని. ఆకలైతే నేను చెప్పేదాన్ని, దెబ్బ తగిలితే నేను చెప్పేదాన్ని. వీధి వీధంతా నన్ను వసపిట్ట అనేది. వాడికి ఆరేళ్ళకు మాటలొచ్చాయి గానీ, ఇప్పటికీ పెద్ద మాట చెప్పబోతే మధ్యలో ఆగిపోతాడు.

ఇక పోయిన నెల సంగతి... నా కూతురికి మూడేళ్ళు. నాలుగైదు మాటలే. ఎత్తుకుని అనంతపురంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మా నాయనా తోడొచ్చారు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని చెప్పి ఆమె అడిగింది... "మీ ఇంట్లో ఇంకెవరికైనా మాటలు లేటుగా వచ్చాయా?"

తమ్ముడి సంగతి చెబితే అమ్మకు మళ్ళీ ఆ నింద. చెప్పకపోతే బిడ్డకేమవుతుందో. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది.

"నా కొడుక్కు రాల్యా మేడం. తప్పు నాదే. వస పోయనీల్యా."

నాయన కుర్చీలో కదిలాడు. "నాకూ రాల్యా మేడం... అయిదేండ్ల దాకా. నాకు వస దండిగానే పోసినారు. మాయమ్మే చెప్పింది."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "ఇన్నేండ్లు యాడ దాచిపెట్టుకున్యావు ఈ మాట?"

"భయమైంది," అన్నాడు నాయన. అంతే.

అన్నీ తెలిసి కోడల్ని అన్న అవ్వ మీద కోపమొచ్చింది. నాయన మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

"ఇది చాలాసార్లు రక్తసంబంధంలో వస్తుంటుంది. జన్యువుల్లో ఉంటుంది, ఎవరి తప్పూ కాదు," అంది డాక్టరమ్మ. "ఇప్పటి నుంచే నేర్పిస్తే మాటలు పెరుగుతాయి. ఎంతవరకు అనేది ఇప్పుడే చెప్పలేను."

ఆ ఆఖరి మాటే నా చెవిలో ఉండిపోయింది. ఇప్పటికీ పొద్దున పాప లేవగానే కొత్త మాట ఏమైనా వస్తుందా అని దాని నోటి వైపే చూస్తుంటాను.

ఇంటికి రాగానే తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడి భార్యకు ఇప్పుడు ఏడో నెల. అంతా విన్నాడు. తర్వాత...

"అక్కా... నా బిడ్డకూ... నా మాదిరే..."

అక్కడే ఆగిపోయాడు. చిన్నప్పుడైతే మిగిలింది నేనే చెప్పేసేదాన్ని. ఈసారి నాకూ మాట రాలేదు.

అవ్వ పోయింది, సానరాయి పెరట్లో పడి ఉంది. చేతులు పట్టుకుని పిల్లల్ని ఏడిపించే ఆ పొద్దులూ పోయాయి... భయం ఒక్కటే పోలేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలా మాట లేటైన పిల్లలు, దాన్ని దాచుకున్న పెద్దవాళ్ళు ఉంటే ఇక్కడ రాయండి... తమ్ముడికి చదివి వినిపిస్తాను.