ముందు ఏటి పూసినారు?

మా వీధి నర్సమ్మ పోయింది. పాలు పోసే మనిషి గేటు దగ్గర నిలబడి, "నర్సమ్మ తలుపు తియ్యలేదమ్మా. ఎదురింటోలు ఎల్లి సూసినారు. నిద్దట్లోనే అయిపోనాదట" అని చెప్పాడు. లోపలికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆవిడ "నిన్న సాయంత్రం కూడా నాతోటి దెబ్బలాడింది కదే" అంది.

నర్సమ్మకు అసలు పేరు వేరే ఉంది. కాని దాన్ని వాడిన వాళ్ళు ఎవరూ లేరు. మిషను ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, రిటైరయ్యాక ఆమదాలవలస వచ్చి మా వీధి చివర రెండు గదుల ఇంట్లో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, చేతికి వాచీ, ఆదివారం చర్చి. చిన్నవాళ్ళకూ పెద్దవాళ్ళకూ నర్సమ్మే.

వీధంతా ఆవిడంటే ప్రాణం పెట్టేదని రాయను, అది అబద్ధం. పేపరు చదువుతానని తీసుకెళితే తిరిగిచ్చేది కాదు. తలుపు తట్టడం ఆవిడకు తెలియదు. ఎవరింట్లో బాణలి పెట్టినా వాసన పట్టేసి నేరుగా వంటింట్లోకి వచ్చేది. వచ్చిందంటే ఇక మొదలు. చీర కొంగు దోపుకోమనేది. పొయ్యి పక్కన తిరుగుతున్న పిల్లల్ని బయటికి తరిమేది. బాణలి కాడ బయటికి ఉంటే గోడ వైపు తిప్పేది. "తడిసేత్తో నూనె కాడికి ఎల్లకు. పైనుంచి ఇసరకు, అంచంట జార్చు" అనేది. బాణలి అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదని, పొయ్యి కట్టేసి మూత పెట్టి దూరం జరగాలని ఎన్నిసార్లు చెప్పిందో. పెళ్ళిళ్ళకు వంటవాళ్ళు దిగితే, పొయ్యిలు వెలిగించక ముందే, ఎవరికైనా కాలితే పోయడానికి పక్కన నీళ్ళ డ్రమ్ము పెట్టారా లేదా అని చూసుకుని గాని భోజనం సంగతి అడిగేది కాదు. వంటవాళ్ళు ఆవిడను చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. డ్రమ్ము మాత్రం పెట్టేవాళ్ళు.

నూనె పడి ఎవరికైనా కాలిందంటే మాత్రం వీధి వీధంతా ఆవిడ గుమ్మంలోకే పరిగెత్తేది. ఆవిడ మొట్టమొదట ఎక్కడ కాలిందని అడిగేది కాదు, ఎలా కాలిందనీ అడిగేది కాదు.

"ముందు ఏటి పూసినారో సెప్పండి."

ఆ ప్రశ్నకు అందరం తలలు దించుకునేవాళ్ళం. ఎందుకంటే ఏదో ఒకటి పూయకుండా ఎవరూ వెళ్ళేవారు కాదు. మా వీధిలో ఒక్కో ఇంటికి ఒక్కో వైద్యం. ఒకరింట్లో టూత్ పేస్టు, ఇంకొకరింట్లో పసుపూ కొబ్బరినూనే, ఒకరు సిరా, మరొకరు ఉప్పు. మాది ఇడ్లీ పిండి. కాలిన చెయ్యి చూసి అది ఏ ఇంటి చెయ్యో చెప్పగలనని ఆవిడ నవ్వేది. నవ్వుతూనే దాన్ని కుళాయి కింద పెట్టి కడిగేది. "నూనె సర్మం మీద కూకుని ఇంకా కాలస్తానే ఉంటాది. దాని మీద మీరు పిండేసి మూసీస్తే ఏడి ఎక్కడికి పోతాది? నీళ్ళు పొయ్యండే. సల్లటి నీళ్ళు, ఇరవై నిమిషాలు. ఐసు ఒద్దు." ఇరవై నిమిషాలంటే మనకు అయిదు నిమిషాలకే అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆవిడ వాచీ చూస్తూ నిలబడేది. చెయ్యి లాక్కుంటే మళ్ళీ పట్టుకునేది.

ఎంత కాలిందో చూడడం కూడా ఆవిడే మాకు నేర్పింది. ఎర్రగా అయి మండుతుంటే పైపైది, ఇంట్లోనే తగ్గుతుంది. బొబ్బ లేస్తే కాస్త లోపలికి దిగింది. దాన్ని చిదపకూడదు, అది ఉన్నంతసేపూ కిందిచర్మానికి అదే కట్టు. అరచేతికంటే పెద్దదైనా, మొహం మీదో చేతుల మీదో కీళ్ళ మీదో అయినా, పసిపిల్లలకైనా, కడుపుతో ఉన్నవాళ్ళకైనా ఇంట్లో కూర్చోకూడదు. ఇక మూడో రకం. దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నవ్వేది కాదు.

స్టేషను రోడ్డులో బజ్జీల బండి ఆయన ఉన్నాడు. ఒక ఆదివారం నర్సమ్మ చర్చికి వెళుతూ, ఆయన ఒంటికాలి మీద బరువేసి నిలబడి ఉండడం చూసింది. పాదానికి పాతగుడ్డ చుట్టి ఉంది. అడిగితే ఆయన, "నిన్న నూనె ఒలికినాది నర్సమ్మా. మొదట్లో ఒకటే మంట. ఇప్పుడు నొప్పేటీ నేదు, బాగైపోనాది" అన్నాడు సంతోషంగా. నర్సమ్మ ఆయన్ని అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి గుడ్డ విప్పింది. చుట్టూ ఎరుపు, బొబ్బలు. మధ్యలో మాత్రం తెల్లగా, తోలులాగా ఉంది. చేతిరుమాలు కొసతో అక్కడ తాకి, "తెలుస్తందా?" అని అడిగింది.

"నేదు."

"అయితే పద."

"నొప్పి నేదంటన్నాను కదమ్మా! పిండి కలిపీసినాను, పులిసిపోతాది."

"నొప్పి ఉంటే నాను చర్చికి ఎల్లిపోదును. నొప్పి తెలియట్నేదంటే అక్కడ నరం కాలిపోనాది. పిండి పులిస్తే పారబోసుకో, లెగు" అని ఆటో పిలిచి ఎక్కించి, తనూ ఎక్కింది. ఆసుపత్రిలో ఆయన తొడ నుంచి చర్మం తీసి పాదానికి వేశారు. చాలా రోజులు పట్టింది. ఇప్పుడు మామూలుగా నడుస్తాడు, బండి దగ్గర ఎవరైనా అడిగితే పాంటు మడిచి చూపిస్తాడు కూడా. మొన్న నర్సమ్మను సాగనంపడానికి సమాధుల తోటకు బండి కట్టేసి వచ్చాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

ఇక నా సంగతి. ఇదంతా రాయడానికి కూర్చున్నది ఇందుకే.

నాకు మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి సీమంతం దాకా వచ్చింది. మా ఇంటి పద్ధతిలో సీమంతానికి రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు తొడుగుతారు. పురుడు వచ్చేదాకా అవి తియ్యకూడదు. పురుడయ్యాక తీసి, దగ్గరుండి పురుడు చూసినవాళ్ళకు ఇచ్చేస్తారు. మా అత్త ఆ గాజుల్ని నరసన్నపేటకు తనే వెళ్ళి ఏరి తెచ్చింది. నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి, గాజులు జాగ్రత్త అనేది. ఒకసారి పోగొట్టుకున్న భయం నాకు ఎంత ఉందో ఆవిడకూ అంతే ఉంది.

ఒక సాయంత్రం నాకు మిరపకాయ బజ్జీల మీద మనసు పోయింది. అత్త వేస్తానంటే వినకుండా నేనే వేశాను. కడిగిన కాయ సరిగ్గా తుడవలేదు, చీల్చలేదు. నూనెలో పడగానే ఢామ్మని పేలింది. ఎడమచెయ్యి మణికట్టు మీద నూనె పడింది. పడి కిందికి జారలేదు, గాజుల సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది. నేను పెట్టిన కేకకు అత్త పరుగున వచ్చి, ఇడ్లీ పిండి గుప్పెడు తీసి గాజుల మీద నుంచే మెత్తేసింది.

ఆ కేక నర్సమ్మకూ వినబడింది. వచ్చింది. ఈసారి ఏమి పూశారని అడగవలసిన అవసరం లేకపోయింది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు రావడం లేదు. నన్ను పెరట్లో బోరింగు దగ్గరికి నడిపించి, "ఒదినా, కొట్టు" అంది. అత్త ఏడుస్తూ బోరింగు కొట్టింది. పిండి పోయింది, మంట కొంచెం కొంచెంగా తగ్గింది. నర్సమ్మ నా వేళ్ళు నొక్కి చూసింది.

"ఒదినా, గాజులు తీసీవాల. సెయ్యి పొంగుతున్నాది. బేగి తియ్యకపోతే ఇవి లోపలికి దిగిపోతాయి, ఏళ్ళకి రత్తం ఆడదు."

అత్త బోరింగు కొట్టడం ఆపేసింది. "తియ్యడమేటి నర్సమ్మా? పురుడు రాకుండా గాజులు తీస్తే... ముందొకటి పోనాది కదా. ఇది కూడా..." అంటూ నా చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

నర్సమ్మకు కోపం వస్తుందనుకున్నాను. పక్కనే బట్టలుతికే బండ ఉంది, చెయ్యి దానికి కొట్టినా గాజులు పోతాయి. నాకూ భయం వేసింది. చేతికి ఏమవుతుందో అన్న భయం ఒకటి, గాజులు తీస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుందో అన్న భయం ఇంకొకటి. ఏది పెద్దదని అడిగితే ఆ నిమిషాన నేనూ చెప్పలేకపోయేదాన్ని.

నర్సమ్మ తన వాచీ విప్పి బోరింగు గట్టు మీద పెట్టింది. "తియ్యొద్దులే. నా సేతికి మార్సీ. పురుడొచ్చేదాకా నాను ఏసుకుంటాను. ఒక సేతిలోంచి ఇంకో సేతిలోకి, అంతే. కింద పెట్టం, పగలగొట్టం. సరేనా?"

"నువ్వు గాజులు ఏసుకోవు కదా?" అంది అత్త.

"ఏసుకోను. ఇప్పుడు ఏసుకుంటాను. బోరింగు కొట్టు."

నా అరచేతికీ వేళ్ళ కణుపులకూ సబ్బు పట్టించి, కాలినచోటికి నురగ తగలకుండా, ఒక్కొక్క గాజు జార్చింది. జార్చిన గాజును అత్త అందుకుని నర్సమ్మ చేతికి ఎక్కించింది. నేను అరుస్తూనే ఉన్నాను. ఒక్కటీ చిట్లలేదు. కింద చర్మం ఎర్రగా, గాజుకూ గాజుకూ మధ్య బొబ్బలతో ఉంది. ఉతికిన పల్చటి పంచె గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంజక్షను చేసి, మందు రాసి కట్టు కట్టారు. అప్పటికి నా చెయ్యి ముంజేతి దాకా ఉబ్బిపోయింది. గాజులు ఉండి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాతి వారాల్లో మా ఊరి చర్చిలో జనం చూసిన దృశ్యం ఇదీ: తెల్లచీర నర్సమ్మ, ఎడమచేతికి మోచేతి దాకా ఎరుపూ ఆకుపచ్చా గాజులు. పాటకు చెయ్యెత్తితే గలగల, బైబిలు పేజీ తిప్పితే గలగల. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. పాస్టరు గారి భార్య అడిగేసింది కూడా, ఈ వయసులో ఇదేటమ్మా అని. "నాయి కావు. ఒకలు దాసుకోమని ఇచ్చినారు" అని చెప్పి పాట అందుకుందట. రోజూ సాయంత్రం నా కట్టు చూడడానికి వచ్చేది. అత్త ముందు ఆవిడ చేతికేసి చూసి, తర్వాత నా చేతికేసి చూసేది.

చెయ్యి మానింది. మచ్చ ఇప్పుడు వెతికితే గాని కనబడదు. ఆడపిల్ల పుట్టింది, ఏ ఇబ్బందీ లేకుండా.

మొన్న సమాధుల తోట నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచీ నాకు ఆ పురిటి వార్డే కళ్ళ ముందు ఉంది. పిల్లను పక్కలో పెట్టుకుని నేను పడుకున్నాను. తలుపులోంచి వరండా కనబడుతోంది. నర్సమ్మ చేతికి గాజులు బిగుసుకుపోయాయి, కీళ్ళవాపు. "పురుడైపోనాది కదా ఒదినా, పగలగొట్టీ" అంటోంది. "పురుడు సూసినదానివి నువ్వే. నీ గాజులు నాను పగలగొట్టనా? ఊరుకో" అంటోంది మా అత్త. చిన్న బేసిను నిండా నీళ్ళు పెట్టుకుని, గచ్చు మీద చతికిలబడి, నర్సమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సబ్బు రాస్తోంది. నర్సమ్మ బేగి బేగి అని కసురుతోంది, అత్త వినిపించుకోవడం లేదు. ఒక గాజు వచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి ఎక్కడైనా బీటవారిందేమో అని అటూ ఇటూ తిప్పి చూసింది, కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ ఆ చెయ్యి పట్టుకుంది.